ఎవరూ పోకపోయినా ఆ గేటు తెరవండి

సంపాదకుడు గారికి,

ఈసారి పెత్రమాసనాడు మా ఊరికి వెళ్లాను. అయ్యగారికి పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇచ్చేశాక, బాపును కాల్చిన చోటు ఒకసారి చూసి వద్దామనిపించి వాగు ఒడ్డుకు నడిచాను. ఇప్పుడక్కడ వైకుంఠధామం కట్టారు. గేటుకు తాళం. పక్కన బర్రెలు కాస్తున్న ఆయన "ఎవరు పోయిండ్రమ్మా?" అని అడిగాడు. ఎవరూ పోలేదు, ఊరికే చూసి పోదామని వచ్చానన్నాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "శవమొస్తెనే తీస్తరు" అని చెప్పి బర్రెల వెంట పోయాడు.

నాకు 64 ఏళ్లు. బాపు 1987లో పోయాడు. పాడె లేచాక మా ఇంటి ఆడవాళ్లమందరం వాకిట్లోనే ఆగిపోయాం. తమ్ముడు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. మూడో రోజు పిట్టకు పెట్టడానికి కూడా మగవాళ్లే వెళ్లారు. బూడిద తీసుకెళ్లి ధర్మపురి గోదావరిలో కలిపారు. బాపు చివరిగా పడుకున్న చోటును ఇన్నేళ్లకు నేను చూసింది ఇనుప చువ్వల సందులోంచి.

ఆ తాళం గురించే ఈ ఉత్తరం.

మొన్న దీపావళికి కరీంనగర్‌లో ఉండే నా పాత కొలీగ్, సైన్సు టీచరు, రమ్మని పిలిచింది. ఇంటికి కాదు, కార్ఖానగడ్డ శ్మశానానికి. అక్కడ కొన్ని దళిత కుటుంబాలు దశాబ్దాలుగా దీపావళిని తమ పెద్దల సమాధుల దగ్గరే జరుపుకుంటున్నాయి. పేపర్లో ఏటా ఫొటో వస్తుంది, మనం "భలే వింత" అనుకుని పేజీ తిప్పేస్తాం. నేనూ అంతే. వెళ్లి చూస్తే వింతేమీ కనపడలేదు. వారం ముందే గడ్డి పీకి సున్నం వేసిన సమాధులు, వాటి మీద బంతిపూల దండలు, చుట్టూ దీపాలు. మా కొలీగ్ వాళ్ల నాయిన సమాధి మీద విస్తరాకు పరిచి మటన్ కూర, రెండు గారెలు, పక్కన చిన్న గ్లాసులో మందు పెట్టారు. ఆమె మనవరాలు, ఏడెనిమిదేళ్ల పిల్ల, కాకరపువ్వొత్తి వెలిగించి సమాధి చుట్టూ తిరుగుతూ, తాను పుట్టకముందే పోయిన ఆ ముసలాయనకు తన క్లాసులో ఎవరు ఎవరిని కొట్టారో చెబుతోంది. ఒక పక్క ఏడుస్తున్నవాళ్లున్నారు, ఇంకో పక్క ఫోన్లో సెల్ఫీలు తీసుకుంటున్నవాళ్లున్నారు. ఎవరికీ ఎవరూ అడ్డం లేరు.

ముస్లింలు షబ్-ఎ-బరాత్ రాత్రి ఖబరస్తాన్‌కు వెళ్లి దువా చేస్తారు. క్రైస్తవులు నవంబర్ 2న సమాధులు కడిగి కొవ్వొత్తులు పెడతారు. వెళ్లడానికి చోటు లేనిది కాల్చేవాళ్లమైన మాకే. మాకు సమాధి లేదు, గోడ మీద దండేసిన ఫొటో ఉంది. అది కూడా ఇంటికి రంగులేసినప్పుడు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారుతూ ఉంటుంది.

మూడేళ్ల కింద న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి నన్ను బ్రూక్లిన్‌లోని గ్రీన్-వుడ్ శ్మశానానికి తీసుకెళ్లింది. అమెరికా వెళ్లి శ్మశానం చూడడమేమిటని అల్లుడు నవ్వాడు. 1838లో మొదలైన శ్మశానం అది, 478 ఎకరాలు. న్యూయార్క్‌లో పెద్ద పార్కులు లేని రోజుల్లో జనం షికారుకు అక్కడికే వెళ్లేవారట, 1860ల నాటికే ఏటా ఐదు లక్షల మంది వచ్చేవారట. ఇప్పటికీ అక్కడ అంత్యక్రియలు ఒక పక్క జరుగుతుంటే ఇంకో పక్క కచేరీలు, నడకలు, చావు గురించి, దుఃఖం గురించి క్లాసులు జరుగుతుంటాయి. డెత్ కెఫే అని ఒకటి పెడతారు. 2011లో లండన్‌లో జాన్ అండర్‌వుడ్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి. ముక్కూముఖం తెలియనివాళ్లు టీ, కేకు ముందు పెట్టుకుని కూర్చుని చావు గురించి మాట్లాడుకోవడం, అంతే. ఉపన్యాసం ఉండదు, ఓదార్పు వైద్యం కాదు. పేరు కొత్తగా ఉంది గానీ, మా చిన్నప్పుడు దినాల ఇంట్లో రాత్రిపూట చాపల మీద జరిగిందీ అదే కదా అనిపించింది. ఇప్పుడు దినాలు కూడా ఫంక్షన్ హాల్లో రెండు గంటల్లో అయిపోతున్నాయి.

నాకు అక్కడ బాగా గుర్తుండిపోయింది ఒక తెల్లరాయి స్తంభం. సోఫీ కాల్ అనే ఫ్రెంచి కళాకారిణి 2017లో పెట్టించింది. కింద ఒక సందు ఉంటుంది. ఎవరికీ చెప్పుకోలేని మాట కాగితం మీద రాసి అందులో వేసి రావచ్చు. 25 ఏళ్లు అలాగే ఉంటుంది, నిండినప్పుడల్లా ఆమె వచ్చి ఆ కాగితాలను కాల్చేస్తుంది. నేనూ తెలుగులో నాలుగు లైన్లు రాసి వేశాను. బాపు గురించే. ఏం రాశానో మా అమ్మాయికి కూడా చెప్పలేదు. ఎక్కడి వాగు ఒడ్డు, ఎక్కడి బ్రూక్లిన్!

అలాంటివి మనకు పొసగవు, శ్మశానం అంటే మైల, పీడ అంటారని నాకు తెలుసు. మా వదినే అంది. కానీ హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను కోసం తెల్లవార్లూ కూర్చున్న జనం మనం. నాటకం బలిజేపల్లి వారిదైనా, ఆ సీన్లో జాషువా గారి శ్మశాన పద్యాలు పడకపోతే ఊరుకోని జనం. ఒక్కో పద్యానికి వన్స్ మోర్! స్టేజీ మీద కాటికి లేని మైల వాగు ఒడ్డు కాటికి ఎందుకో వదిన చెప్పలేదు. నిజంగా భయం ఉన్నవాళ్లను రమ్మని ఎవరూ బలవంతపెట్టరు.

నేను డెత్ కెఫేలు పెట్టమనడం లేదు. పల్లె ప్రగతి పేరుతో దాదాపు ప్రతి గ్రామ పంచాయతీకీ వైకుంఠధామం కట్టారు. దహన వేదికలు, స్నానాల గదులు, ప్రహరీ ఉన్నాయి. మా ఊళ్లో అది నెలకు ఒకటి రెండు సార్లకు మించి తెరుచుకోదు. ఏడాదికి కనీసం రెండు రోజులు, పెత్రమాసనాడు పగలు, దీపావళినాడు సాయంత్రం, పంచాయతీయే పిచ్చిచెట్లు కొట్టించి, లైట్లు వేయించి, నీళ్లు పెట్టి అందరికీ తెరవాలి. ఆడవాళ్లు కూడా రావచ్చని డప్పు చాటింపులో ప్రత్యేకంగా చెప్పించాలి, చెప్పకపోతే రారు. ప్రహరీ లోపలి వైపు ఊళ్లో పోయినవాళ్ల పేర్లు, సంవత్సరం రాయడానికి చోటు వదలాలి. కులాల వారీగా గోడలు పంచుకోకుండా చూడాలి, ఈ మాట రాయక తప్పడం లేదు. స్తోమత ఉంటే ఒక రాత్రి కాటిసీను ఆడించండి. హార్మోనియం వాయించేవాళ్లు మా మండలంలో ఇంకా ఇద్దరున్నారు. కాటికాపరి కుటుంబాన్ని ఆ రోజు ముందు వరుసలో కూర్చోబెట్టండి, వాళ్లకు తెలిసినన్ని చావులు ఊళ్లో ఎవరికీ తెలియవు.

ఇవన్నీ వచ్చే ఏడాదికల్లా కావని తెలుసు. అప్పటిదాకా, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో వాళ్ల పేరు, ఫోన్ నంబరు గేటు మీద రాసి పెడితే చాలు.

– ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
జగిత్యాల జిల్లా