టర్బో మార్చే ముందు ఆ రాడ్ ఒక్కసారి చూడు

దోస్తూ,

ఎట్లున్నావు? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నిన్న ఫోన్‌లో నువ్వు "టర్బో పోయిందట, కొత్తదే వెయ్యాలట" అన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే ఆ టర్బోకు డబ్బు కట్టే ముందు ఇది మొత్తం చదువు.

మొన్న ఫిబ్రవరిలో నా బండికీ అచ్చం ఇట్లనే అయింది. ములుగు నుంచి 30 బస్తాల మిర్చి వేసుకుని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వస్తున్నా. గూడెప్పాడ్ దాటాక లారీని ఓవర్‌టేక్ చేద్దామని గట్టిగా తొక్కితే బండి ఒక్కసారిగా చచ్చుబడింది. చెక్ లైట్ వెలిగింది. ఎంత తొక్కినా 40 దాటదు. పక్కకు ఆపి, ఇంజన్ బందు చేసి, మళ్లీ స్టార్ట్ చేస్తే బాగానే నడిచింది. నాలుగు కిలోమీటర్లు పోయామో లేదో మళ్లీ అదే కథ. జెండా పాట (మార్కెట్‌లో ఆ రోజు ధర తేల్చే వేలం) టైముకు సరుకు యార్డులో ఉండాలని పక్కన కూర్చున్న రైతుకు ఒకటే టెన్షన్. ఆయన ముఖం చూడలేకపోయాను.

మొదట చూపించిన చోట ఏమీ విప్పకుండానే 40 వేలు అన్నారు. అక్కడి నుంచి ఆటోనగర్‌లో నాకు తెలిసిన పాత మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయా. ఆయన చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? టర్బో లోపలి రెక్కలను రాడ్‌తో కదిలించే యాక్చువేటర్ ఉంటుంది కదా, దాని గొట్టానికి గాలి లాగే చేతి వాక్యూమ్ పంపు తగిలించి నాలుగుసార్లు నొక్కాడు. రాడ్ నునుపుగా పైకి కిందికి పోవాలి. నాది సగం దాకా పోయి ఆగి, తర్వాత ఒక్క కుదుపుతో ఎగిరింది. "టర్బో పోలేదు, పట్టేసింది" అన్నాడు. ఆ మాటతో ప్రాణం లేచి వచ్చింది.

మన బండ్ల టర్బోలో పొగ వచ్చే వైపు చుట్టూ చిన్న చిన్న రెక్కలు ఉంటాయి. ఇంజన్ స్పీడును బట్టి అవి మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి. మసి పేరుకుంటే కదలవు. మూసుకున్న చోటే ఇరుక్కుంటే గాలి ఒత్తిడి హద్దు దాటుతుంది, కంప్యూటర్ పవర్ కోసేస్తుంది. తెరుచుకున్న చోట ఇరుక్కుంటే పికప్ ఉండదు, నల్ల పొగ కక్కుతుంది.

విప్పి చూపించాడు. రెక్కలను తిప్పే రింగు చుట్టూ మాడిన గిన్నె అడుగులా గట్టి నల్ల పెచ్చు. హౌసింగ్ (టర్బో బయటి గుల్ల) ఏ కోణంలో ఉందో ముందే గీత పెట్టుకుని, రెక్కలను రాత్రంతా నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తోమాడు. పొద్దున రింగును నా వేలితోనే తిప్పించాడు. వెన్నలా తిరిగింది! రెక్కల హద్దు పెట్టే చిన్న స్క్రూను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకు, అది తప్పితే సెట్టింగ్ మొత్తం పోతుంది.

అయితే షాఫ్ట్, అంటే టర్బో మధ్యలో తిరిగే ఇరుసు కూడా చూడాలి. పక్కకు కొద్దిగా కదిలితే పర్వాలేదు. ముందుకు వెనక్కి చేతికి తెలిసేలా ఆడినా, ఫ్యాన్ రెక్క హౌసింగ్‌కు రాసుకున్నా, నీలం పొగ వస్తున్నా కొత్తది వెయ్యాల్సిందే. అప్పుడు నేనే వద్దనను. నీ బండికి మోటారు యాక్చువేటర్ ఉంటే వాక్యూమ్ పంపు పనికిరాదు, స్కానర్ పెట్టి కదిలించి చూడమను.

బిగించేటప్పుడు నువ్వు పక్కనే నిలబడు. ఆ షాఫ్ట్ నిమిషానికి లక్షసార్లకు పైనే తిరుగుతుంది, దాన్ని మోసేది పలుచటి ఆయిల్ పొర ఒక్కటే. అందుకే ఆయిల్ వచ్చే రంధ్రంలో ముందే కొద్దిగా ఆయిల్ పోయాలి. ఇంజన్ అందుకోకుండా కాసేపు సెల్ఫ్ కొట్టి, తర్వాతే స్టార్ట్ చెయ్యాలి. ఆయిల్, ఫిల్టర్ కూడా మార్పించు.

నాకు మసి పట్టింది యార్డు లైన్లోనే అనుకుంటున్నా. సీజన్‌లో గంటల తరబడి ఇంజన్ ఆన్‌లోనే పెట్టి నిలబడతాం కదా. ఇప్పుడు లైన్లో బందు చేస్తున్నా. వారానికోసారి జనగామ రోడ్డు మీద అరగంట గట్టిగా లాగిస్తున్నా. లోడుతో దూరం వచ్చాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపుతున్నా. ఇప్పటిదాకా ఆ లైట్ మళ్లీ వెలగలేదు.

రేపు పొద్దున్నే రాడ్ చూపించి, కదిలిందా లేదా నాకు ఫోన్ చెయ్యి. బండి నడిచేలా ఉంటే ఖాళీగా మెల్లగా ఇక్కడికే తీసుకురా, మిస్త్రీతో మాట్లాడి పెడతా.

నీ దోస్తు