శీనూకి, ఎలుకల భయం గురించి

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

తార్నాకలో రూము దొరికింది. జాతీయ పోషకాహార సంస్థకి దగ్గర్లోనే. అన్నం వేళకి తింటున్నానని మా అమ్మతో చెప్పు.

ల్యాబ్‌లో ఏం చేస్తున్నావని అడిగావుగా. ఎలుకల భయం కొలుస్తున్నా. ఎలాగంటే, పెంటికలు లెక్కపెట్టి! నిజంరా. అమెరికాలో కాల్విన్ హాల్ అనే ఆయన 1934లోనే ఈ లెక్క రాశాడు. ఎలుకని కొత్త బరిలో వదిలితే, బెదిరింది ఎక్కువ పెంటికలు వేస్తుంది, తక్కువ తిరుగుతుంది.

నన్ను పట్టేసింది మాత్రం బ్రాడ్‌హర్స్ట్ అనే ఇంకో ఆయన పని. 1954లో లండన్‌లోని మాడ్‌స్లీ మానసిక ఆసుపత్రిలో మొదలుపెట్టాడు. గుండ్రటి బరి, గట్టి వెలుతురు, చెవిలో హోరు. రోజుకి రెండు నిమిషాలు, అలా నాలుగు రోజులు. ఎక్కువ పెంటికలు వేసినవాటిని వాటితోనే జతకట్టించాడు, తక్కువ వేసినవాటిని వాటితో. కొన్ని తరాలకే రెండు వంశాలూ విడిపోయాయి. పిల్లల్ని తల్లులు మార్చి పెంచినా ఆ తేడా పెద్దగా పోలేదట. బెదురు రక్తంలోనే వస్తోందన్నమాట!

మా దగ్గరున్నవి ఆ వంశాలు కావు, ల్యాబుల్లో మామూలుగా వాడే విస్టార్ రకం ఎలుకలు. ఒకదాని వంతు అవగానే బరి స్పిరిట్‌తో తుడవాలి. ముందుదాని వాసన తగిలితే వెనకదాని లెక్క చెడిపోతుంది. లెక్కపెట్టేవాళ్లకి ఆ ఎలుక ఏ గుంపుదో తెలియకూడదు.

మొన్న ఒక ఎలుక గోడవారన బిగుసుకుపోయి నిలబడింది. ఒక్క పెంటిక కూడా వేయలేదు. కాగితం మీద సున్నా రాశాను. చేతిలోకి తీసుకుంటే దాని గుండె దడదడా కొట్టుకుంటోందిరా.

పదో తరగతి పరీక్షలు గుర్తొచ్చాయి. పొద్దున్నే నీకు కడుపు కదిలేది, అందరూ నిన్ను పిరికివాడన్నారు. నేను కదలకుండా కూర్చున్నానని మా నాన్న గట్టివాడన్నాడు. లెక్కల పేపరు రోజు మొదటి అరగంట నాకు అక్షరాలే కనబడలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా.

పెంటికల లెక్క ఒక్కటే చాలదని మా మేడమ్‌తో అన్నాను. బిగుసుకుపోయిన సమయం కూడా రాద్దామంటే కాసేపు ఆలోచించి సరేనన్నారు. ఇప్పుడే నోట్సులో ఇంకో గడి గీశాను. ఆ ఎలుకని రేపు మళ్లీ దింపాలి.

నీ,
గోపి