బడి కంప్యూటర్ గది: జూన్ నుంచి డిసెంబరు దాకా జమా ఖర్చుల వివరణ

గ్రామ పెద్దలకు, తల్లిదండ్రులకు, హైదరాబాద్ నుంచీ గల్ఫ్ నుంచీ డబ్బు పంపిన మన బడి పూర్వ విద్యార్థులకు కమిటీ తరఫున నమస్కారాలు. చందాలు ఏమయ్యాయని రచ్చబండ దగ్గర మాటలు నడుస్తున్నాయి. అందుకే లెక్క మొత్తం అందరి ముందూ పెడుతున్నాం.

జమ
తల్లిదండ్రులు, ఇంటికి 500 చొప్పున 62 ఇళ్లు: రూ. 31,000
పూర్వ విద్యార్థులు: 48,000
పాల సంఘం: 10,000
వినాయక చవితి ఉత్సవ కమిటీ దగ్గర మిగిలి, మనకిచ్చినది: 6,500
మొత్తం: 95,500

ఖర్చు
సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు 4: 38,000. మూడు షాపుల్లో రేట్లు అడిగాకే కొన్నాం.
వైరింగు, ఎర్తింగు: 7,800
బల్లలకు వడ్రంగి కూలి: 6,000. కలప ఊళ్లోని ఒక రైతు ఉచితంగా ఇచ్చారు, ఆయన మేలు మరువలేం.
ఇన్వర్టర్, బ్యాటరీ: 19,500. అడ్వాన్సు తీసుకున్న షాపువాళ్లు సరుకు రాలేదంటూ నెలల తరబడి తిప్పారు. ఆలస్యమైంది గానీ డబ్బు ఎక్కడికీ పోలేదు, బిల్లు ఉంది.
రసీదు పుస్తకాలు, ఆటో, జిరాక్సులు, కీబోర్డుల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు: 1,150
తల్లిదండ్రుల మీటింగు, మైకు, టీ: 1,350
గోడ మీద రాత: 600
ట్యూటర్‌కు నెలకు 2,500 చొప్పున ఆరు నెలలు: 15,000
మొత్తం: 89,400. నిల్వ: 6,100.

గొడవంతా ఆ 15,000 మీదే. 'కంప్యూటర్లకని అడిగి జీతాలిచ్చారు, ఆ డబ్బుతో ఇంకొకటి కొనొచ్చుగా' అంటున్నారు. కొనొచ్చు. నేర్పేదెవరు? ఐదు తరగతులకు ఉన్నది ఇద్దరు టీచర్లు. నేర్పే మనిషి లేకపోతే కంప్యూటర్లు దుమ్ము పట్టిపోతాయి. అందుకే మన ఊళ్లోనే డిగ్రీ చదివిన అమ్మాయిని వారానికి మూడు రోజులు రమ్మన్నాం. ఆ డబ్బుకు ఇంకెవరూ వచ్చేవారు కాదు.

'నెట్ కూడా పెట్టించలేదు, ఇదేం చదువు' అని ఇంకో మాట. కావాలనే పెట్టించలేదు. బొమ్మలేసే టక్స్ పెయింట్, ఆటలతో నేర్పే జీకాంప్రీ అనే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి, నెట్ లేకుండానే నడుస్తాయి. ఒకటో తరగతి వాళ్లు బొమ్మలేస్తూ మౌస్ పట్టడం నేర్చుకున్నారు. ఐదో తరగతి వాళ్లు తమ పేరు తెలుగులో టైపు చేస్తున్నారు. నెట్ సంగతి అంటారా, ముందు జాగ్రత్తలు వంటబట్టాలి. నాలుగో తరగతిలో ఒకడు బ్యాంకు సారై ఉత్తుత్తి ఫోన్ చేస్తాడు: "మీ అమ్మ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, చదివి చెప్పు నాన్నా!" అవతలి పాప టక్కున ఫోన్ పెట్టేసి, అమ్మను కేకేస్తుంది. పాస్‌వర్డ్ స్నేహితులకు చెప్పకూడదు, తెలియనివాళ్లు ఫొటో అడిగితే పంపకూడదు, ఎవరైనా బెదిరిస్తే దాచకుండా ఇంట్లో చెప్పాలి. ఇవన్నీ ట్యూటర్ ఇలా ఆటల్లోనే నేర్పుతోంది. చూడాలనుకున్నవారు ఏ క్లాసుకైనా వచ్చి వెనక కూర్చోవచ్చు.

మీటింగు, గోడ రాత కూడా దుబారా అన్నారు. పిల్లల చేతుల్లో ఉన్నవి మన ఫోన్లే కదా, మనకు తెలియకపోతే వాళ్లకేం చెబుతాం? గోడ మీద రాయించిన 1930 దేశమంతటికీ ఉన్న సైబర్ మోసాల హెల్ప్‌లైన్. డబ్బు పోయిన వెంటనే ఫోన్ చేస్తే, అది చేతులు మారకముందే బ్యాంకులో ఆపించే వీలుంటుంది. ఆలోచిస్తూ కూర్చుంటే ఆ వీలు తగ్గిపోతుంది. 1098 ఆపదలో ఉన్న పిల్లల కోసం ఉన్న హెల్ప్‌లైన్. రెండు నంబర్లూ దారినపోయే ప్రతి ఒక్కరికీ కనిపించాలనే గేటు పక్కన పెద్దక్షరాలతో రాయించాం.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ట్యూటర్‌కు 10,000 కావాలి. నిల్వ పోను 3,900 తక్కువ. గ్రామసభలో చేతులెత్తి ఇస్తామన్న సొమ్ములో ఇంకా 11,000 రాలేదు. పేర్లు చదవడం మాకిష్టం లేదు. ఇళ్ల చుట్టూ తిరిగి అడగడం మాకూ కష్టంగానే ఉంది. దయచేసి సంక్రాంతిలోపు ఇచ్చి రసీదు తీసుకోండి. బిల్లులు, బ్యాంకు పుస్తకం హెడ్‌మాస్టర్ గారి గదిలో ఉన్నాయి, బడి వేళల్లో ఎవరైనా చూడవచ్చు.