గడియ పెకలించిన మాట ఎఫ్‌ఐఆర్‌లో ఏదీ? హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం మంత్రి గారికి నమస్కారం.

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి మా ఇంటి తలుపు ఓరగా తీసి ఉంది. తాళం చెక్కుచెదరలేదు. గడియనే రాడ్డుతో పెకలించారు. చెక్క పెచ్చులు గడప మీద రాలి ఉన్నాయి. బీరువాలోని చీరలన్నీ మంచం మీద గుట్టగా పడేశారు. అమ్మ నల్లపూసల గొలుసు, పాప వెండి పట్టీలు పోయాయి.

మర్నాడు పేపర్లో "ఇంట్లో దోపిడీ" అని వచ్చింది. ఇక ఒకటే ఫోన్లు. "కొట్టారా? కత్తులు చూపించారా? పిల్ల ఎలా ఉంది?" అంటూ మా అత్తయ్య ఏడుపు. ఇంట్లో ఎవరూ లేరు అత్తయ్యా అని ఎన్నిసార్లు చెప్పానో.

స్టేషన్లో మాత్రం ఉన్నది కూడా రాయలేదు. "గుర్తుతెలియని వ్యక్తులు బంగారం, వెండి దొంగిలించారు" అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టమన్నారు. ఆ టెన్షన్‌లో పెట్టేశాను. గడియ ఊసే లేదు. తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లు, బలవంతంగా చొరబడినట్టు ఎఫ్‌ఐఆర్‌లో లేదు కాబట్టి బర్గ్లరీ పాలసీ (ఇల్లు పగలగొట్టి చేసే చోరీకి ఇచ్చే బీమా) కింద డబ్బు రాదన్నారు. పాలసీలో ఆ షరతు ఉంటే వాళ్ల మాటే చెల్లుతుంది. 2004లో సుప్రీంకోర్టు కూడా అలాగే తీర్పిచ్చింది.

అమ్మా, కన్నం వేసేవాడు వేరు, దారికాచి దోచేవాడు వేరు, బందిపోట్లు వేరు అని మన పల్లెల్లో ముసలివాళ్లకు కూడా తెలుసు. చట్టం చెప్పేదీ అదే. ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇంట్లో దొంగతనానికి 305 సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా జైలు. అదే దొంగతనం కోసం రాత్రిపూట ఇల్లు పగలగొట్టి దూరితే 331(4) కింద 14 ఏళ్ల దాకా. దోపిడీ అనాలంటే ఎదురుగా మనిషి ఉండాలి. అతన్ని కొట్టో, కదలనివ్వకుండా పట్టుకునో, చంపుతానని అప్పటికప్పుడు బెదిరించో సొమ్ము లాక్కోవాలి. అది 309. ఐదుగురు, ఆపైన కలిసి చేస్తే 310, యావజ్జీవం దాకా పడుతుంది. కన్నం వేయడానికి వచ్చినవాడు ఇంటివాళ్లు లేవగానే కత్తి చూపించి సొమ్ముతో పోతే అదీ దోపిడీయే. అందుకే మొదటి రోజు కాగితం మీద ఏం రాశారన్నది అంత ముఖ్యం.

ఊరెళ్లేవాళ్లు ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్లపై పోలీసులు నిఘా పెట్టే) యాప్‌లో చెప్పి వెళ్లండని పోలీసు శాఖే ఏటా ప్రచారం చేస్తుంది. తాళం వేసిన ఇంటి సంగతి వేరని శాఖకు తెలుసన్నమాట. మరి ఫిర్యాదు రాసే చోట అది ఎందుకు కనబడదు?

నేనడిగేది పెద్ద పనేం కాదు. ప్రతి స్టేషన్లో తెలుగులో ఒక పేజీ నమూనా ఉంచండి. ఎలా లోపలికి వచ్చారు, ఏది పగిలింది, పగలా రాత్రా, ఇంట్లో ఎవరైనా ఉన్నారా, బెదిరించారా, ఎంతమంది వచ్చారు, ఇవన్నీ అడిగి రాయించండి. నోటితో చెప్పిన ఫిర్యాదును రాశాక చదివి వినిపించాలని, కాపీ ఉచితంగా ఇవ్వాలని పోలీసులు కేసు ఎలా నడపాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173 సెక్షన్‌లో ఉంది. అది తప్పక జరిగేలా చూడండి. పత్రికలకిచ్చే ప్రెస్‌నోట్‌లో చోరీని చోరీ అనే రాయించండి.

వచ్చే సంక్రాంతికి జనం ఇళ్లకు తాళాలు వేసి ఊళ్లకు బయల్దేరేలోపే ఆ నమూనా స్టేషన్లకు చేరేలా ఆదేశాలివ్వమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక ఫిర్యాదుదారు