ఉపశీర్షికలు సరిచేసిన మిత్రునికి కృతజ్ఞతలు

మా అభిమాన బృందంలో మారుపేరుతోనే పరిచయమైన ఒక మిత్రునికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు. మా అభిమాన నటుడి పాత చిత్రానికి దొరికిన ఉపశీర్షికలు (సబ్‌టైటిళ్లు) సెకనుకు 25 ఫ్రేముల (నిశ్చల చిత్రాల) ప్రతికి తయారైనవి కాగా, మా వద్దనున్నది కాస్త నెమ్మదిగా నడిచే 23.976 ఫ్రేముల ప్రతి కావడంతో, నాయకుడు నోరు తెరవకముందే ఆయన మాట తెరపై ప్రత్యక్షమయ్యేది. రెండు గంటల చిత్రం ముగిసేసరికి ఆ తేడా దాదాపు 5 నిమిషాలకు చేరేది. "మీ హీరోగారికి దివ్యదృష్టి ఉన్నట్లుంది" అని ఆటపట్టిస్తూనే, వారు ఓపికగా కూర్చుని సమయాలన్నీ సరిచేయడమే కాక, ఉపశీర్షికల్లో లేని పాటల చరణాలను కూడా స్వయంగా విని, రాసి పంపారు. వారు మా నటుడికి పోటీగా నిలిచిన నటుడి వీరాభిమాని (దీనిని గోప్యంగా ఉంచమన్నారు గానీ, ఇంత మంచి విషయం దాగుతుందా!). పేరు మాత్రం చెప్పను. ప్రత్యుపకారంగా, వారి హీరో తదుపరి చిత్రాన్ని మొదటి వారం వెక్కిరించబోమని మా అందరి తరఫునా మాట ఇస్తున్నాను.