గిటారు నేర్పేందుకు ఒక గది కావాలి

సంపాదకులకు,

మన గోదావరి డెల్టాలో సంగీతం అనగానే శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణనో, ద్రాక్షారామం వీణ ఈమని శంకరశాస్త్రినో, కాకినాడ చిట్టిబాబునో తలుచుకుంటాం. తలుచుకోవాల్సిందే. కానీ రాములవారి పందిట్లోనూ, చవితి పందిట్లోనూ, తీర్థాల్లోనూ ఏళ్ళ తరబడి జనానికి పాట వినిపించిన ఆర్కెస్ట్రా వాళ్ళు ఏమయ్యారని ఎవరూ అడగరు. వాళ్ళలో ఒకరి గురించే ఈ ఉత్తరం. పేరు రాయొద్దన్నారు. మా పాలకొల్లు వైపు ‘గిటారు మేస్టారు’ అంటే చాలు, ఇల్లు చూపిస్తారు.

చిన్నప్పుడు చర్చిలో పాటల బృందం పక్కన కూర్చుని గిటారు మీద నాలుగు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) పట్టుకున్నారాయన. ఆ తర్వాత గురువు టేప్ రికార్డరే. పాటను వెనక్కి తిప్పి తిప్పి విని, బేస్ ఎలా నడుస్తోందో చెవితోనే పట్టేవారు. ఇళయరాజా పాటలొచ్చాక అసలు పరీక్ష మొదలైందంటారు. అందులో గిటారు ముక్క ఒక్కటి తప్పినా వేదిక కింద కుర్రాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదట. దానికి తోడు మన వాతావరణం. ఉప్పుగాలికి స్టీలు తీగలు తుప్పు పడతాయి. వానాకాలం చెమ్మకు గిటారు మెడ వంగి తీగలు పైకి లేస్తాయి, నొక్కితే వేళ్ళు కోసుకుపోతాయి. కొత్త సెట్టు కొనడానికి డబ్బుల్లేని నెలల్లో పాత తీగలనే నూనెగుడ్డతో తుడుచుకుని వాయించేవారు.

తర్వాత కీబోర్డు వచ్చింది. వయొలిన్లూ, ఫ్లూటూ, బేసూ అన్నీ ఒక్కడే వాయించేస్తుంటే ముందు పోయింది గిటారు కుర్చీయే. కొన్నాళ్ళకు ముందే రికార్డు చేసిన ట్రాకులొచ్చి కీబోర్డు వాడి కుర్చీ కూడా పోయింది. ఇప్పుడంతా డీజే. రాత్రి పది దాటితే మైకులు ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆ నిబంధన ఆర్కెస్ట్రాకు వర్తించినంత గట్టిగా డీజే బండికి ఎందుకు వర్తించదో నాకైతే అర్థం కాదు.

మేస్టారి దగ్గరికి పిల్లలు ఇప్పటికీ వస్తున్నారు. వరండాలో నలుగురికి మించి పట్టరు. ఫీజు ఇచ్చేవాళ్ళు ఇస్తారు, లేనివాళ్ళను ఆయన అడగరు. ప్రభుత్వ సంగీత పాఠశాలల్లో గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, నాదస్వరం, డోలు నేర్పుతారు. గిటారు ఊసెత్తితే ‘అది మనది కాదండీ’ అంటారు.

ఏది మనది? వయొలిన్ ఓడెక్కి వచ్చింది. హార్మోనియమూ అంతే, అది లేకుండా మన పద్యనాటకం తెర లేచేదా? ఈ మాట పాలకొల్లులో కూర్చుని అనడం మరీ విడ్డూరం. 1969లో ఇక్కడ పుట్టిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి 1998లో పద్మశ్రీ అందుకున్నారు. మాండలిన్‌కు మామూలుగా ఉండే జంట తీగలు మానేసి ఐదు ఒంటి తీగలతో వాయించారాయన. గిటారు మీద గమకం (స్వరాన్ని ఊపుతూ పలికించడం) పలకదన్నది కూడా వట్టిమాట. మెట్లు వీణకూ ఉన్నాయి. తీగను పక్కకు లాగడం, వేలిని జార్చడం తెలిసినవాళ్ళకు గిటారు మీదా పలుకుతుంది. చెన్నై ప్రసన్న దాని మీదే కృతులు వాయిస్తున్నారు. మా మేస్టారు మోహన రాగంలో వర్ణం ఎత్తుకుంటే, నిన్నటిదాకా సినిమా పాటే కావాలన్న పిల్లలు కూడా కదలకుండా కూర్చుంటారు.

అందుకని అధికారులకు నా మనవి: ఇటు పశ్చిమగోదావరిలోనూ, అటు కోనసీమలోనూ ఒక్కొక్క ఊళ్ళో గిటారు తరగతి పెట్టండి. కొత్త భవనం అక్కర్లేదు. ఆదివారాలు ఖాళీగా ఉండే హైస్కూలు గది ఒకటి, చెమ్మ తగలకుండా గిటార్లు పెట్టుకునే బీరువా ఒకటి, తీగలకు ఏటా కొంత డబ్బు ఉంటే చాలు. నేర్పేవాళ్ళకు డిగ్రీ ఉండాలనే నిబంధన మాత్రం వద్దు. అది పెడితే ఇన్నేళ్ళు వేదిక మీద వాయించిన ఒక్కరికీ ఆ ఉద్యోగం రాదు, ఎక్కడో సర్టిఫికెట్ కొనుక్కున్నవాళ్ళకు వస్తుంది. ఎదురుగా కూర్చోబెట్టి వాయించమనండి, ఇద్దరు పిల్లలకు పాఠం చెప్పించి చూడండి, గౌరవ వేతనం నెలనెలా ఇవ్వండి. మా మేస్టారి వేళ్ళకు ఇప్పటికే కీళ్ళనొప్పులు మొదలయ్యాయి. ఫైలు కదపదలచుకుంటే ఈ విద్యా సంవత్సరంలోనే కదపాలి.

– ఒక పాఠకుడు, పాలకొల్లు