చిన్న తప్పుకి జైలు కాదు, పని చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అనే కొత్త నేరాల చట్టం అమల్లోకి వచ్చింది కదా, అందులో సమాజ సేవ అనే శిక్ష కూడా పెట్టారు, అంటే జైలుకి పంపకుండా జీతం లేకుండా జనానికి పనికొచ్చే పని చేయించడం. చాలా మంచి మార్పు. కానీ దాన్ని ఆరు నేరాలకే పరిమితం చేశారు, నా బాధంతా అక్కడే.

దొంగతనం సంగతే చూడండి. మొదటిసారి శిక్ష పడుతున్నవాడై ఉండాలి, సొత్తు విలువ 5000 లోపు ఉండాలి, తిరిగి ఇచ్చెయ్యాలి, అప్పుడే సమాజ సేవ. ఈ రోజుల్లో కాస్త పనిచేసే స్మార్ట్‌ఫోన్ ఏదైనా 5000 దాటుతుంది, కూలికెళ్లే కుర్రాడు గడ్డి తిని ఒక ఫోన్ కొట్టేసి తర్వాత తిరిగి ఇచ్చేసినా ఈ రూల్ వాడికి వర్తించదు. నెల రోజులు లోపల పడితే మేస్త్రీ ఇంకొకర్ని పెట్టుకుంటాడు, ఇంట్లో అద్దె కట్టేవాళ్లు ఉండరు, బయటికొచ్చాక జైలుకెళ్లొచ్చినోడని ఎవరూ పనివ్వరు, ఆ నెలలో వాడికి లోపల ఏ పనైనా నేర్పిస్తారా అంటే అంత టైమూ ఉండదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి వదిలెయ్యొచ్చు అంటారు, నిజమే, కానీ వదిలెయ్యడానికీ జైలుకీ మధ్యలో ఒకటి ఉండాలండీ, సొమ్ము పోగొట్టుకున్నవాళ్లకి కూడా వీడికి శిక్ష పడింది అనిపించాలి కదా.

స్కాట్లాండ్‌లో 2019 నుంచి 12 నెలల లోపు జైలు శిక్ష వెయ్యాలంటే జడ్జి వేరే దారి లేదని తేల్చుకుని కారణాలు రికార్డు చెయ్యాలి, జీతం లేని పనికి 20 నుంచి 300 గంటలని లెక్క కూడా ఉంది. మన చట్టంలో ఎన్ని గంటలో లేదు, ఏం పనో లేదు, ఎవరు చూసుకుంటారో లేదు. అలా వదిలేస్తే ఒక ఊళ్లో రెండు గంటలు, ఇంకో ఊళ్లో రెండు వారాలు అవుతుంది.

విశాఖలో తాగి బండి నడిపినవాళ్లతో కోర్టు బీచ్‌లో చెత్త ఏరించింది, అది మంచి పనే. కానీ ఇలాంటివాళ్ల చేతికి ప్లకార్డులిచ్చి ఫోటోలు తీసి వైరల్ చెయ్యడం మాత్రం నాకు అస్సలు నచ్చదు, కోర్టు వేసిన శిక్ష పని చెయ్యడం, పరువు తియ్యడం కాదు, ఆ ఫోటో రేపు వాళ్ల పిల్లల స్కూల్లో కూడా తిరుగుతుంది.

సర్కారు దవాఖానాల్లో స్ట్రెచర్ తొయ్యడానికి మనుషులు చాలట్లేదు, బడుల్లో గోడలకి సున్నం వేసేవాళ్లు లేరు, పని వెతుక్కోవాల్సిన అవసరమే లేదు. దొంగతనంలో ఆ 5000 పరిమితి పెంచాలి, గంటల లెక్క, పని చూసుకునే ఆఫీసర్ ఎవరు అనేవి రెండు రాష్ట్రాల్లో ప్రతి కోర్టులో ఒకేలా ఉండాలి. మీ పేపర్‌కి కూడా ఒక విన్నపం, ఇలాంటి వార్తలు వేసినప్పుడు దయచేసి ముఖాలు కనపడకుండా వెయ్యండి.

- ఒక పాఠకురాలు, ఖమ్మం